రమ్మనడమే తెలిసిన ఇనుము

నేను ఒక రైలు పట్టా ముక్కను. నిలబెడితే మనిషి నడుము దాకా వస్తాను. పడుకోబెడితే నన్నెవరూ లెక్కచేయరు. ఏ కొలిమిలో కరిగానో, ఎవరి చేతుల మీదుగా సాగానో చెప్పలేను. పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడం మనుషుల అలవాటు గానీ ఇనుముకు ఆ పట్టింపు లేదు. నాకు గుర్తున్నది ఒక్కటే. కట్ట మీద పట్టాగా పడి ఉన్న రోజుల్లో, రైలు కనపడకముందే, కూత వినపడకముందే, నా వెన్నులో సన్నటి వణుకు పుట్టేది. వచ్చేదేదో పట్టాకు ముందే తెలుస్తుంది. తెలిసినా పక్కకు తప్పుకునే వీలుండదు, అదే మా ఖర్మ.

ఒక వానాకాలం కట్ట తెగింది. నేను వంకరపోయాను. వంకర పోయినదాన్ని మనుషులు సరిచేయరు, కోసి పారేస్తారు. ఆ ముక్కల్లో ఒకటిగా తుప్పు పట్టి పడి ఉండగా, పెదమడ నుంచి వచ్చిన నలుగురు నన్ను ఎడ్లబండిలో వేసుకుపోయారు. పెదమడ సముద్రం అంచున ఉన్న ఊరు. అక్కడ చర్చి కట్టుకున్నారు గానీ కంచుగంట కొనే స్తోమత లేదు. చర్చి ముందున్న గంగరావి చెట్టు కొమ్మకు గొలుసుతో నన్ను వేలాడదీసి, పెద్ద బోల్టుతో కొట్టి చూసి, కంచు కన్నా బాగా మోగుతోందని మురిసిపోయారు. అప్పుడే పక్క ఊళ్ళకు కూడా చెప్పుకున్నారు. ఊళ్ళకు ఊళ్ళను మోసిన ఇనుము కదిలే దారి లేకుండా వేలాడిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

నాకు రెండే మాటలు నేర్పారు. గబగబా కొడితే ఆరాధన. ఒక దెబ్బ కొట్టి, ఆ మోత పూర్తిగా చచ్చాక ఇంకొకటి కొడితే, ఊళ్ళో ఎవరో పోయారని అర్థం. ఎలా కొట్టినా నేను చెప్పేది ఒకటే, రండి అని. చావు గంట విషయంలో పెదమడవాళ్ళకు ఒక భయం ఉండేది. ఊరికే కొట్టకూడదు, కొడితే అది తన మనిషిని వెతుక్కుంటుంది అనేవారు. దయ్యాలూ శకునాలూ నమ్మొద్దని లోపల ప్రసంగం విని, బయటికొచ్చి నా బోల్టును పిల్లలకు అందకుండా చూరులో దాచేవారు.

నన్ను కొట్టే పని సలోమమ్మది. ఆమె ఆ సంఘానికి బైబిలు స్త్రీ, అంటే ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే మనిషి. మొగుణ్ణి సముద్రం తీసుకుంది. మిగిలినవి పెద్ద గొంతు, వెలిసిపోయిన నల్ల గొడుగు, ఎవరికీ లొంగని మొండితనం. నన్ను కొట్టే ముందు ఒకసారి అరచేత్తో నిమిరేది. గంటను నిమిరే మనిషిని నేను మరొకరిని చూడలేదు. ఆమె అంటే నాకు ప్రాణం. ఇనుముకు ప్రాణమేమిటని మీరు నవ్వితే నవ్వండి.

చర్చికి ఎదురుగా పాయ ఉంది, సముద్రం ఊళ్ళోకి చాచిన నాలుకలాగా. పాయ అవతల ఇసుక తిప్ప మీద యానాదుల గుడిసెలు. పెదమడలో ఎవరైనా పోతే గొయ్యి తవ్వేది తిప్ప మగవాళ్ళే. నిమ్మళంగా మోగే గంట వినపడగానే పారలు భుజాన వేసుకుని దోనెల్లో వచ్చి, తవ్వి, చెట్టుకింద కూడు తిని పోయేవారు. గబగబా మోగే గంటకు మాత్రం రారు. ఎవరూ రమ్మనలేదు మరి.

తలుపు తీసి ఉంటే లోపలి గోడ నాకు బాగా కనపడేది. దాని మీద నీలం రంగు అక్షరాలతో 'వెళ్లుడి' అని, ప్రభువు తన శిష్యులకు చివరగా చెప్పిన మాట రాసి ఉంది. పక్కనే ప్రపంచ పటం. ప్రతి ఆదివారం సంఘపెద్ద గిద్యోను ఆ పటం మీద వేలు పెట్టి, నోరు తిరగని దేశాల పేర్లు ఒక్కొక్కటే చదివి, ఆ జనాల కోసం కన్నీళ్ళతో ప్రార్థన చేసేవాడు. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చేవాడు. మర పడవ ఉన్న ఆసామి, చేయి కూడా ఉదారమే. పటంలో తిప్ప మాత్రం లేదు. అంత చిన్నవాటిని పటాల్లో వేయరు.

సలోమమ్మ ఆ తిప్పకు వెళ్ళడం మొదలుపెట్టింది. గొడుగు వేసుకుని దోనెలో పోయేది, పీతల బురదతో తిరిగొచ్చేది. చాన్నాళ్ళకు ఒక ఆదివారం తిప్ప పెద్ద ఈదయ్య, అతని కోడలు పోలి, ఇంకో ఇద్దరు తడి తలలు దువ్వుకుని వచ్చారు. ఆ రోజు ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకునే రోజు. ఒకే గిన్నె అందరి చేతులూ మారుతుంది. గిద్యోను గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"కొత్తోళ్ళు గదా, అలవాటయ్యేదాకా వసారాలో కూచోండి. గాలి బాగా వస్తది" అన్నాడు, ఎంతో తీపిగా.

కూర్చున్నారు. గాలి బాగానే వచ్చింది. గిన్నె మాత్రం గుమ్మం దాటి రాలేదు. ఆరాధన అయ్యాక ఈదయ్య నా కింద నిలబడి, కోపం లేని గొంతుతో సలోమమ్మతో అన్నాడు:

"పోనీలే అమ్మా. ఆ గబగబా కొట్టే గంట మీది. నిమ్మళంగా కొట్టేది మాది. ఎవురి గంట వాళ్ళం చూసుకుందాం."

సలోమమ్మ పాస్టరు దైవాధీనం అయ్యగారి దగ్గరకు వెళ్ళి నిలదీసింది. ఆయన మెత్తని మనిషి. పాలలో పోస్తే పాలు, నీళ్ళలో పోస్తే నీళ్ళు. "మారతారమ్మా, నిదానంగా మారతారు. ప్రార్థన చేద్దాం" అన్నాడు. ఆమె గోడ వైపు చూపించి, "అయ్యగారూ, అక్కడ వెళ్లమని రాసుంది, కూచోబెట్టమని లేదు" అని వచ్చేసింది. ఆ ఏడు ఉప్పుగాలికి గోడ మీది అక్షరాలు పొరలు పొరలుగా రాలడం మొదలైంది. ఎవరూ పట్టించుకోలేదు.

మరుసటి కార్తీకంలో ఒక పొద్దున నా వెన్నులో పాత వణుకు పుట్టింది. దగ్గర్లో పట్టా లేదు, రైలు లేదు. ఆకు కదలడం లేదు. పాయలో నీళ్ళు నూనెలా నిలబడి ఉన్నాయి. కొంగలు గుంపులుగా లోపలి ఊళ్ళ వైపు పోతున్నాయి. వస్తున్నదేదో పెద్దదని నాకు తెలిసింది. కొడితే తప్ప నోరు లేని దాన్ని, ఎవరితో చెప్పను?

మధ్యాహ్నానికి జీపు వచ్చి మైకులో తుపాను అని అరిచిపోయింది. పాయ దాటి పోయే జీపులు లేవు. పెదమడంతా సంచులూ మేకలూ పిల్లలతో చర్చిలోకి చేరింది, పక్కా కప్పు దానికే ఉంది కాబట్టి. అప్పటికి మబ్బు కమ్మి పట్టపగలే దీపాలు పెట్టుకునేంత చీకటైంది.

"తిప్పోళ్ళ సంగతేంది?" అంది సలోమమ్మ.

"గంట కొట్టండమ్మా, వాళ్ళే వస్తారు" అన్నాడు అయ్యగారు.

కొట్టింది. గబగబా, చేతులు పడిపోయేలా కొట్టింది. నేను నా ఇనుమంతా విప్పి రండి, రండి అని అరిచాను. అవతలి ఒడ్డున మనుషులు కనపడుతున్నారు. ఒకరిద్దరు తలెత్తి చూశారు. మళ్ళీ వంగి వలలు చుట్టుకోసాగారు. ఒక్క దోనె కదల్లేదు. సలోమమ్మ చెయ్యి హఠాత్తుగా ఆగిపోయింది.

"అయ్యో దేవుడా, ఇది మన గంటనుకుంటన్నారు" అంది. "తుపానొస్తందని మనమంతా కూడి పాటలు పాడుకుంటన్నామనుకుంటన్నారు."

తర్వాత ఏం చేయబోతోందో ఆమె అరచెయ్యి నన్ను తాకినప్పుడే నాకు అర్థమైంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఒక దెబ్బ కొట్టింది. మోత పూర్తిగా చచ్చేదాకా ఆగింది. ఇంకొకటి కొట్టింది.

లోపల గోల పుట్టింది. గిద్యోను వానలోకి పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, నీకేమన్నా మతి పోయిందా? ఎవురూ పోకుండా ఆ గంట కొడతావా? అది మనిషిని తీసుకోకుండా పోదే!"

"తీసుకుంటే తీసుకోనీ. చెయ్యి వదులు తమ్ముడూ."

వదిలాడు. ఆమె కొడుతూనే ఉంది. అవతలి ఒడ్డున మనుషులు లేచి నిలబడ్డారు. రెండు దోనెలు నీళ్ళలోకి దిగాయి. అలల మీద ఎగిరి పడుతూ వచ్చి ఒడ్డు తాకాయి. ముసలి ఈదయ్య తప్ప, అతని కొడుకులు, అల్లుళ్ళు, తిప్ప మగవాళ్ళంతా భుజాన పారలతో దిగి, వానలో తల వంచుకుని చర్చి ముందు నిలబడ్డారు.

"ఎవురు పోయినారమ్మా?" అని అడిగారు.

ఊరు ఊరంతా గుమ్మంలో నిలబడి చూస్తోంది. సలోమమ్మే జవాబిచ్చింది. "ఇంకా ఎవురూ పోలేదు నాయనా. ఆడోళ్ళేరీ? పిల్లలేరీ?"

"గొయ్యి తవ్వేదానికి ఆడోళ్ళెందుకమ్మా?"

చావు గంట మగవాళ్ళనే పిలుస్తుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. పారలు పట్టేవాళ్ళు వచ్చారు. ప్రాణాలు తిప్ప మీదే ఉండిపోయాయి. పాయ ఉబ్బుతోంది. ఆ దోనెలు మళ్ళీ అటు దాటడం కల్ల. దాటగల మర పడవ ఒక్కటే ఉంది, దాన్ని గిద్యోను పొద్దున్నే జంట తాళ్ళతో చెట్లకు బిగించి వచ్చాడు. అదే అతని ఇల్లు, వాకిలి, అన్నం.

సలోమమ్మ అతని ముఖంలోకి చూసింది. "ఇన్నేళ్ళూ ఈ ఇనుముతో రండి రండి అని పిలిచాం. ప్రభువు మనకు చెప్పింది అది కాదు గిద్యోనూ. వెళ్ళమన్నాడు. నువ్వు వారం వారం వేలు పెట్టి ఏడిచే దేశం అదిగో, అంత దూరానే ఉంది."

గిద్యోను పెదవులు కదిలాయి. ప్రార్థనో తిట్టో నాకు వినపడలేదు. వెళ్ళి తాళ్ళు విప్పాడు. సలోమమ్మ బోల్టును అయ్యగారి చేతిలో పెట్టి, "కొడతా ఉండండి, వానలో ఒడ్డు కనపడదు. ఆ మోతను బట్టే రావాల" అని, గొడుగు వసారాలో వదిలేసి పడవెక్కింది. ఆ గొడుగు వదిలి ఆమె ఎక్కడికీ పోగా నేను చూడలేదు.

అయ్యగారు కొట్టాడు. అరచేతులు చిట్లి నెత్తురు నా మీద పడుతున్నా కొట్టాడు. వాన తెరలోంచి పడవ తిరిగొచ్చింది, నిండా ఆడవాళ్ళూ పిల్లలూ. పోలి చంకలో బిడ్డతో దిగింది. లోపల అయ్యగారి భార్య గంజి కాచి, చేతికందిన గిన్నెలన్నిటిలో పోసి ఇచ్చారు. బల్ల గిన్నె కూడా ఆ చేతా ఈ చేతా పడి తిరిగింది. అది ఎవరి మూతి తాకిందో ఆ రోజు ఎవరూ చూడలేదు.

ఈదయ్య మాత్రం రాలేదు. ముసలిప్రాణం, గుడిసె వదిలి రానని మొండికేశాడట. పడవ మళ్ళీ తిరిగింది. సలోమమ్మ దిగనే లేదు.

ఆ తర్వాత గాలి దిక్కు మార్చింది. నా పైన గంగరావి కొమ్మ మూలిగింది. నాకు తెలుస్తోంది, వణుకు గొలుసులోంచి నా చివరల దాకా పాకింది. కొమ్మ విరిగి, గొలుసుతో సహా నేను బురదలో పడ్డాను. అయ్యగారు మోకాళ్ళ మీద కూలి బోల్టుతో నన్ను కొడుతూనే ఉన్నాడు. నేల మీద పడ్డ ఇనుము మోగదు. టక్ టక్ అంటుంది, అంతే. పాయ మీద ఆమె నా గొంతు కోసం చెవులు రిక్కించి ఉంటుంది. ఒక్క మోత, ఒకే ఒక్క మోత రాలితే చాలునని నేను పడిన యాతన పగవాడికి కూడా వద్దు.

తెల్లారాక మడచెట్ల మధ్య పడవ తిరగబడి దొరికింది. గిద్యోను, ఈదయ్య ఒక కొమ్మను కరుచుకుని ఉన్నారు. "గంట ఆగిపోయినాక ఎటు పోవాల్నో తెలవలా" అన్నాడు గిద్యోను, పళ్ళు కొట్టుకుంటూ. "ముసలాయన్ని కొమ్మ మీదికి నెట్టింది అక్కే. నేను చెయ్యందించేలోపల అల లాక్కుపోయింది."

సలోమమ్మకు గొయ్యి తవ్వడానికి ఎవరినీ పిలవనక్కర్లేకపోయింది. ముందురోజు తెచ్చిన పారలు వసారా గోడకు ఆనించి అలాగే ఉన్నాయి. తిప్పవాళ్ళు తవ్వారు, గిద్యోను కూడా ఒక పార అందుకున్నాడు. ఆ ఆదివారం ఆరాధనలో మొదటి వరుసలో పోలి, ఈదయ్య కూర్చున్నారు. నేను నా మనిషిని వెతుక్కున్నానని పెదమడలో కొందరు ఇప్పటికీ అంటారు. నన్ను తిరిగి వేలాడదీయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కొత్త గంటా కొనలేదు.

ఇప్పుడు నన్ను తిప్ప ఒడ్డున సగం దాకా ఇసుకలో పాతారు, పడవలు కట్టే గుంజగా. గిద్యోను కాపురం ఇక్కడికే మార్చాడు. ఉప్పునీళ్ళు నన్ను రోజూ కాస్త కొరుక్కుతింటున్నాయి. ఆదివారాలు గంట ఉండదు. మనిషి మనిషి దగ్గరకు నడిచి వెళ్ళి పిలుచుకోవాల్సిందే. పాయ వెంట ఇంకా కిందికి, పటాల్లో లేని తిప్పలు చాలా ఉన్నాయట. వాటి పేర్లకు గిద్యోను నోరు తిరుగుతోంది.

ఈ పొద్దున నా వెన్నులో మళ్ళీ వణుకు పుట్టింది. ఆకు కదలడం లేదు, కొంగలు లోపలికి పోతున్నాయి. చెప్పడానికి నాకిప్పుడు నోరు లేదు. గిద్యోను వచ్చి, పడవలో సలోమమ్మ గొడుగు పెట్టి, నా మెడకున్న తాడు విప్పాడు. ఎవరూ పిలవకముందే పడవ కింది తిప్పల వైపు కదిలింది.