సందేగం కుప్ప

మా దొరైసామి మామ పరీక్ష తప్పాడు. ప్రశ్నలు రాసింది నేను.

2004 ఏప్రిల్‌లో ఆ సంగతి కోవిల్‌పట్టిలో మా ఆఫీసు కంప్యూటర్ మీద చూశాను. విరుదునగర్‌లోని మిరపకాయల గోడౌన్‌లో పరీక్ష రాసిన ఇరవై ముగ్గురి పేర్లూ వరసగా వచ్చాయి. ఇరవై రెండు పేర్ల పక్కన పచ్చ గుర్తు, ఒక్క పేరు పక్కన ఎర్ర గుర్తు. ఇరవైకి పన్నెండు. పదహారు వస్తేగానీ పాసు కాదు. అబద్ధం ఎందుకు, ముందు నవ్వొచ్చింది. మామ మౌసును తలకిందులుగా పట్టుకుని ఉంటాడనుకున్నాను. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. పాసు కానివాళ్ళు సరుకు ఏ నాణ్యతదో చెప్పే తరం చీటీ మీద సంతకం పెట్టకూడదు, ఆరు నెలల దాకా మళ్ళీ పరీక్ష రాయకూడదు అన్న రూలు కూడా ఆ కంప్యూటర్ పాఠం చివర టైపు చేసింది నేనే. ముప్ఫై ఏళ్ళుగా ఆ గోడౌన్‌లో సరుకు మామ సంతకంతోనే బయటికి వెళ్ళేది.

దొరైసామి మామ మా అమ్మకు తమ్ముడు. మాది తమిళనాట ఎట్టయాపురం దగ్గర తెలుగువాళ్ళుండే నల్లరేగడి పల్లె. 1993లో కాలేజీ చదువుకోసం విరుదునగర్ వచ్చి ఆయన ఇంట్లోనే దిగాను. దిగిన రోజే పదకొండు తుమ్ములు తుమ్మాను. ఆ ఇంటి గోడలకూ, దుప్పట్లకూ, మామ విప్పిన చొక్కాకూ అన్నిటికీ మిరపఘాటు. "తుమ్మి తుమ్మి అలవాటయిపోతాది లేవే" అంది రంగమ్మాళ్ అత్త. ఊరి మిరపకాయలన్నీ ఆయన చేతుల మీదుగా పోతున్నా మామ ఇంట్లో తినేది మాత్రం పెరుగన్నమే. ఒక్క పచ్చిమిరపకాయ కనబడినా పక్కన పెట్టేవాడు. అత్త దానికి ఆయన్ని ఏడిపించని రోజు లేదు.

సెలవురోజుల్లో మామకు క్యారియర్ తీసుకెళ్ళడం నా పని. అక్కడ ఆడవాళ్ళు బారులు తీరి కూర్చుని కాయలు ఏరుతుండేవారు. మంచి కాయ ఒక కుప్ప, రంగు పోయిన తాలు కాయ ఒక కుప్ప. ప్రతి ఆడమనిషి మోకాలి దగ్గరా ఇంకో చిన్న కుప్ప ఉండేది. చూసి తేల్చుకోలేని కాయలు అందులో వేసేవారు. దాన్ని సందేగం కుప్ప అనేవారు. మధ్యాహ్నం అన్నాలకు ముందు మామ ఒక్కొక్కరి దగ్గరా గొంతుక్కూర్చుని ఆ కుప్ప చూసేవాడు. కాయను అరచేతిలో నొక్కి, వేలితో రుద్ది, వాసన చూసి, చెవి దగ్గర ఆడించేవాడు. మా వైపు పండే ముండు మిరప గుండ్రంగా ఉంటుంది. బాగా ఎండితే లోపల గింజలు గలగలమంటాయి. తడి ఉంటే మూగగా ఉంటుంది. ఏరే మనిషి చేత కూడా అదంతా చేయించి, అప్పుడు తరం చెప్పేవాడు. ఎవరి కుప్ప పెద్దదైనా ఒక్క మాట అనేవాడు కాదు. కుప్పే లేకపోతే మాత్రం ఊరుకునేవాడు కాదు. "ఏమమ్మా, ఈ పొద్దు నీకు ఒగ సందేగం గూడా రాలేదా? నాకే రోజుకు పది వస్తాయే!" అనేవాడు.

మొదటిసారి నా చెవి దగ్గర ఒక కాయ ఆడించి, "ఏమంటాది?" అని అడిగాడు. నాకేమీ తెలియలేదు. కానీ కాలేజీ పిల్లని కదా, గొప్పకు పోయి "మొదటి తరం మామా" అనేశాను.

"తెలీకుంటే ఏంటికి చెప్పితివి పాపా? తెలీలేదంటే తెలీలేదు అని చెప్పల్ల. అదే మొదటి పాటం" అన్నాడు. అంతమంది ముందు సిగ్గుతో ముఖం కందిపోయింది. అయినా నాకు అంత బాగా నేర్పినవాళ్ళు కాలేజీలో ఒక్కరూ లేరు.

2001లో కోవిల్‌పట్టిలో సతీష్‌కుమార్ దగ్గర ఉద్యోగంలో చేరాను. అగ్గిపెట్టెల లేబుళ్ళు అచ్చేసే ప్రెస్సు మేడ మీద రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు. ఫ్యాక్టరీలకూ మిల్లులకూ పనివాళ్ళ కోసం కంప్యూటర్ పాఠాలు తయారుచేసేవాళ్ళం. మంట అంటుకుంటే ఏం చేయాలి, నూలు మిషన్‌కు నూనె ఎలా వేయాలి, ఇలాంటివి. సతీష్‌కుమార్ మంచివాడు. మిల్లు పిల్లలకు తిట్లు కాదు, పాఠం చెప్పాలని మా వైపు అందరికంటే ముందు అనుకున్న మనిషి. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, లోకంలో ఏ పనినైనా ఇరవై తెరల్లో నేర్పేయొచ్చని నమ్మకం.

మామ గోడౌన్ నుంచే మాకు పెద్ద ఆర్డరు వచ్చింది. విదేశాల్లో సరుకు కొనేవాళ్ళకు, పనివాళ్ళంతా శిక్షణ పొందారని కాగితం చూపించాలట. నేను ఎగిరి గంతేశాను. నాలుగు రోజులు మామ పక్కన కూర్చుని నోటుబుక్కు నింపాను. ఆయన ఏదీ దాచుకోలేదు. సందేగం కుప్ప గురించి రెండు పేజీలు చెప్పాడు. సతీష్‌కుమార్ అవి చదివి కొట్టేశాడు. "ప్రశ్నకు జవాబు ఒకటే ఉండాలమ్మా. సందేహం జవాబెలా అవుతుంది?" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. నేను ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

ఫొటోల దగ్గర ఇంకో తప్పు చేశాను. ట్యూబులైటు కింద కాయలన్నీ మాసిపోయినట్టు పడ్డాయి. మొదటి తరం కాయ నిగనిగలాడకపోతే ఎలా? నా సంచిలో కొబ్బరినూనె సీసా ఉంది. ఒక్క చుక్క వేలికి రాసుకుని ఏడు కాయలు తుడిచాను. ఫొటోలు అదిరిపోయాయి. పాత సరుకుకు నూనె పూసి మెరిపించడం మిరప వ్యాపారంలో ఎంత పెద్ద మోసమో మామ నాకు ఎప్పుడో చెప్పాడు. అయినా ఇది ఫొటోకే కదా అనుకున్నాను.

ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున్నే బస్సెక్కి విరుదునగర్ వెళ్ళాను. మామ ఎప్పటి చోట లేడు. గోడౌన్ వెనక రేకుల షెడ్డులో దబ్బనంతో గోనెసంచి మూతి కుడుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"వచ్చినావా పాపా? కోవిల్‌పట్టి మిటాయి తెచ్చినావా?"

"ఏమి మామా ఇది? ఎనిమిది ప్రశ్నలకు జవాబే పెట్టకుండా వదిలేస్తివి?"

"వదిలేది ఏంటికి? సందేగం కుప్పలో ఏసినా. ఒగ బొమ్మ కంప్యూటర్‌లో మొత్తం దిగనే లేదు, తొడిమ వచ్చేలోగా టైము అయిపోయె. తక్కిన ఏడూ చూస్తే నూనె పూసినట్ల ఉండాయి. చేత్తో తాకకుండా ఎట్ల చెప్పేది?"

ఏ ప్రశ్నలవి అని అడిగాను. మూడు, ఆరు, ఏడు, పదకొండు... ఆయన చెప్పుకుంటూ పోతుంటే నేను మనసులో నా ఏడు కాయల్నీ లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఒక్కటి కూడా తప్పలేదు. ఆ సంచుల మధ్యే కూలబడి నిజం చెప్పేశాను.

మామ దబ్బనం పక్కన పెట్టాడు. తిడితే బాగుండుననిపించింది.

"శరి. ఎవురికీ చెప్పొద్దు. చెప్తే నీ పని పోతాది. ఆరు నెలలు గదా, సంచులు కుట్టుకుంటా ఉంటా. నాకేమి తక్కువ?" అన్నాడు చివరికి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. గోడౌన్ వైపు చూస్తున్నాడు.

నేను నోరు మూసుకుని తిరిగి వెళ్ళిపోయేదాన్నేమో. సిగ్గుపడుతూనే చెప్తున్నాను. గోడౌన్‌లోంచి నడిచి వస్తుంటే తంగం పలకరించింది. తంగం మా పక్క ఊరి పిల్ల, మామ దగ్గర పన్నెండేళ్ళుగా ఏరుతోంది. పరీక్షలో ఇరవైకి ఇరవై తెచ్చుకుంది. కొత్త సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి పక్కనే ఉంచుకుంది. ఆమె మోకాలి దగ్గర రెండే కుప్పలున్నాయి. బారంతా చూశాను. అందరికీ రెండే.

"సందేగం కుప్ప ఏమాయె తంగం?"

"సర్టిఫికేట్ ఇచ్చినంక సందేగం అంటే నవ్వరా అక్కా? ఇంగ వచ్చి చూసేదానికి దొరైసామి అన్న గూడా లేడు. తోచిందాంట్లో ఏసేస్తా ఉండాము."

ముప్ఫై ఏళ్ళ అలవాటు. నేను ఇరవై తెరల్లో తుడిచిపెట్టేశాను. మేనేజరు లక్ష్మణసామి గదికి ఎప్పుడు నడిచానో, సతీష్‌కుమార్‌కు ఎప్పుడు ఫోను చేశానో నాకే సరిగ్గా గుర్తులేదు. ఆయన మధ్యాహ్నానికి విరుదునగర్ వచ్చాడు. వస్తూ వస్తూ, నేను అడిగినట్టే, నా సొరుగులోని ఆ ఏడు కాయలూ కవర్లో పెట్టి తెచ్చాడు. ఎందుకో ఆయనకు ఇంకా తెలియదు.

ఇద్దరి ముందూ జరిగింది చెప్పాను. సతీష్‌కుమార్ ముఖం నల్లబడింది. లక్ష్మణసామి పెద్దాయన, తొందరపడే మనిషి కాదు. తంగాన్ని పిలిపించి, ముందు కంప్యూటర్‌లో మూడో ప్రశ్న బొమ్మ చూపించాడు.

"మొదటి తరం అయ్యా" అంది తంగం టక్కున.

తర్వాత కవర్లోని కాయ ఆమె చేతికిచ్చాడు. తంగం వేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుంది. "అయ్యయ్యో, ఇది నూనె పూసింది. కొబ్బరినూనె."

"రెండూ ఒకే కాయ. మరి కంప్యూటర్‌లో మొదటి తరం అన్నావే?"

తంగం భయపడింది. నా వైపు, ఆయన వైపు చూసి మెల్లగా అంది. "అందులో రెండే కుప్పలున్నాయి కదయ్యా. ఏదో ఒకదాంట్లో వేయాలి కదా."

మామ తప్పిన ఫలితాన్ని రద్దు చేసి, అందరికీ మళ్ళీ పరీక్ష పెట్టమన్నాడు లక్ష్మణసామి. తిరుగు బస్సు సాత్తూరు దాటాక సతీష్‌కుమార్, పాఠం చివర వచ్చే పేర్లలోంచి నా పేరు తీసేస్తున్నానన్నాడు. తీసేశాడు కూడా. బాధేసింది, కానీ కోపం రాలేదు. కోవిల్‌పట్టి బస్టాండులో దిగుతూ, "ఆ మూడో కుప్పకు ఇంకో బటన్ ఎలా పెట్టాలో రేపు చెప్పు" అన్నాడు.

ఇప్పుడు 2009. మామ పని మానేసి ఒట్టపిడారం దగ్గర చేను చూసుకుంటున్నాడు. గోడౌన్‌లో తరం చీటీల మీద తంగం సంతకం పెడుతోంది. నాకు సొంత ఆఫీసు ఉంది. ఎవరికి పాఠం చేసిచ్చినా మూడో బటన్ పెడతాను. దాన్ని నొక్కితే తెలిసిన మనిషి లేచి వచ్చి పక్కన కూర్చోవాలి, ఇద్దరూ కలిసి చూసి జవాబు తేల్చాలి. పెద్ద కంపెనీలవాళ్ళు అది దండగ అంటారు. వాళ్ళతో గొడవ పడతాను, ఒకటి రెండు ఆర్డర్లు పోగొట్టుకున్నాను కూడా. ఎందుకంత పట్టుదల అని ఎవరైనా అడిగితే నాకు మామ రెండోసారి పరీక్ష రాసిన రోజు గుర్తొస్తుంది.

ఆ రోజు కంప్యూటర్‌ను గోడౌన్ లోపలికే మోసుకొచ్చారు. మిరపదుమ్ము పడకుండా దాని మీద తువ్వాలు కప్పారు. పరీక్ష ఫోను లైను మీద నడుస్తుంది కాబట్టి అది అయ్యేదాకా ఎవరూ ఫోను ఎత్తకూడదని లక్ష్మణసామి హుకుం. మామ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మొదటి నాలుగు ప్రశ్నలకు చకచకా జవాబులు పెట్టాడు. ఐదో ప్రశ్నకు బొమ్మ దిగేదాకా ఆగి, దగ్గరికి వంగి చూసి, మూడో బటన్ నొక్కాడు.

నొక్కి, తలెత్తి చుట్టూ చూశాడు.

ఆడవాళ్ళు సందేగం కుప్ప వేస్తే మామ వచ్చేవాడు. మామకే సందేహం వస్తే ఎవరు రావాలి? రూలు రాసిన నేను ఆ సంగతే ఆలోచించలేదు. ఏరేవాళ్ళంతా చేతులాపి చూస్తున్నారు. మామ అలాగే కూర్చుని ఉన్నాడు, మధ్యాహ్నం ఆయన కోసం వాళ్ళు ఎదురుచూసినట్టు.

కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను. "నేను వచ్చినా మామా."

ఆ ఫొటోలోని సరుకు బుట్టలో పక్కనే ఉంది. మామ అందులోంచి ఒక కాయ తీసి నా అరచేతిలో పెట్టాడు. నొక్కాను. వేలితో రుద్దాను. వాసన చూశాను. చెవి దగ్గర పెట్టి ఆడించాను. ఒకసారి గలగలమన్నట్టుంది, ఒకసారి అననట్టుంది. గోడౌన్ అంతా నా నోటివైపే చూస్తోంది. సతీష్‌కుమార్ కూడా చూస్తున్నాడు.

"ఏమంటాది పాపా?"

"తెలీలేదు మామా."

మామ ముఖం వెలిగిపోయింది. ఆ నవ్వు కోసం నాకు పదకొండేళ్ళు పట్టింది. "శరి, నువ్వు పాసు" అని బుట్ట నా ముందుకు జరిపాడు. "ఇంగొగటి తీస్కో."