ఈరమ్మ తమ్ముడు

గిన్నెలో పాలు చల్లారలేదని ఈరమ్మ కొంగుతో విసురుతూ కూర్చుంది. పాలల్లో బన్ను తుంచి వేసి, వేలితో మెదిపి, ఆ వేలినే శేఖర్ మూతి దగ్గర పెట్టింది. శేఖర్ కళ్ళు తెరిచి చూసింది గాని నాలుక బయటికి తీయలేదు.

"తాగు కొడకా. జర తాగు. నాకు డ్యూటీకి టైమైతున్నది."

శేఖర్ కుక్క. గోధుమ రంగు ఒళ్ళు, అరిగిపోయిన పళ్ళు, కళ్ళ చుట్టూ ఈమధ్యనే వచ్చిన నెరుపు. శేఖర్ అంటే కుక్క అన్న సంగతి ఖాజాగూడలో ఈరమ్మకు తప్ప మరో మనిషికి తెలియదు. మిగతావాళ్ళందరికీ శేఖర్ ఈరమ్మ తమ్ముడు. సిగ్గరి, నలుగురిలోకి రాడు, రాత్రంతా ప్లాటు కాపలా కాసి పొద్దంతా పడుకుంటాడు.

ఈ తమ్ముడు పుట్టడం వెనక ఒక కథ ఉంది. ఈరమ్మ, పెంటయ్య నారాయణఖేడ్ దిక్కునుంచి వచ్చి ఈ ఎకరం ప్లాటుకు కాపలా కుదిరారు. చుట్టూ నీలం రేకుల గోడ, లోపల బండరాళ్ళు, తుమ్మచెట్లు, గేటు పక్క మూలన ఒక రేకుల గది. గోడ అవతల ఎటు చూసినా అద్దాల మేడలు. పెంటయ్య పగటిపూట తెల్లాపూర్‌లో కూలిపనికి వెళ్ళేవాడు. ఒకరోజు అక్కడే పైఅంతస్తు నుంచి జారిపడ్డాడు. గుత్తేదారు మనుషులు శవాన్ని దవాఖాన నుంచి తిన్నగా ఊరికి తోలించేశారు. పక్కన కూర్చుని నోరారా ఏడ్చే తీరిక కూడా ఈరమ్మకు దక్కలేదు.

ఊరినుంచి తిరిగొచ్చేసరికి ప్లాటు యజమాని వెంకటనారాయణ ఫోన్ చేశాడు. చెడ్డవాడేమీ కాదు, భయస్థుడు.

"ఏమీ అనుకోకమ్మా. అంత స్థలంలో ఒంటరి ఆడమనిషిని ఎలా ఉంచమంటావు చెప్పు? రేపేదన్నా అయితే నా మెడకి చుట్టుకుంటుంది. మగదిక్కు ఉన్నవాళ్ళని చూసుకుంటాను."

"నా తమ్ముడు శేఖర్ వస్తుండు సార్. నాతోనే ఉంటడు," అనేసింది ఈరమ్మ. ఆమెకు ఉన్నది ముగ్గురు చెల్లెళ్ళు. శేఖర్ అన్న పేరు ఎక్కడినుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు.

ఆ సాయంత్రమే ఎదుటి గుడిసెల్లో ఉండే సెంట్రింగ్ మేస్త్రీ గేటు దగ్గరికొచ్చి మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు అందుకుంటూ ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. "ఒక్కదానివే ఉంటున్నవా?" అన్నాడు. లోపల తమ్ముడు పడుకున్నాడని చెప్పి గొళ్ళెం పెట్టుకుంది. మర్నాడే కుక్కపిల్ల కోసం చెరువు గట్టుకు పోయింది.

అక్కడ సిమెంటు గొట్టంలో ఒక కుక్క ఈనింది. ఈరమ్మ తండ్రి మేకలు కాసినవాడు. చెవి పట్టి లేపితే కుయ్యిమనని పిల్లే మొగతనమున్న కుక్క అని ఆయన మాట. ఈరమ్మ ఒక్కొక్కదాన్నే చెవి పట్టి లేపింది. అన్నీ గట్టు ఎగిరిపోయేలా అరిచాయి. ఒక్కటి మాత్రం గాల్లో వేలాడుతూ ఆమె మొహంలోకి చూసింది తప్ప కిక్కురుమనలేదు. దాన్ని కొంగులో వేసుకుని, పులిని తెచ్చుకున్నంత ధీమాగా ఇంటికొచ్చింది.

పిల్ల పెరిగింది. మొరిగే కుక్క కరవదంటారు. ఇది కరవదూ, మొరగదూ. పిల్లి వచ్చినా, పాము వచ్చినా నోరు తెరిచేది, మెడనరాలు బిగించేది, పంక్చరైన ట్యూబులోంచి వచ్చినట్టు ఒట్టి గాలి వచ్చేది. పుట్టు మూగది. ఆరోజు గట్టు మీద అది ధైర్యంతో అరవలేదనుకుంది గాని అరవడమే రాదని తోచలేదు. ఈరమ్మ నెత్తి కొట్టుకుంది. తర్వాత నవ్వుకుంది. మొరగని కుక్క గోడలోపల ఉంటే ఎవరికి తెలుస్తుంది? చెప్పిన అబద్ధానికి ఒళ్ళూ నాలుగు కాళ్ళూ దొరికాయి. శేఖర్ అని పేరు పెట్టేసింది.

అప్పటినుంచి మొరిగే పని ఆమెదే అయింది. పొద్దుగూకితే చాలు, గోడ అవతలికి వినబడేలా కేకలేసేది. "శేఖరూ, స్నానం చేసినవా?" "శేఖరూ, అన్నం పెడుతున్న, రా." మేస్త్రీ బండి గేటు దగ్గర నెమ్మదించిందంటే, "శేఖరూ, ఆ గొడ్డలి ఏడ పెట్టినవ్?" అనేది. బండి ముందుకు పోయేది.

గొంతు పెంచేది గోడ అవతలివాళ్ళ కోసం. గొంతు తగ్గించాక చెప్పుకునేవన్నీ శేఖర్ కోసమే. అది గుమ్మానికి అడ్డంగా పడుకుని, వీపు ఆమె పాదాలకు ఆనించేది. తాను ఊడ్చి తుడిచే ఆఫీసులో సూపర్‌వైజర్ కసురుకున్నదీ, మోకాలి నొప్పీ, పెంటయ్య కలలోకి వచ్చిందీ అన్నీ దానికే చెప్పేది. సొంత తమ్ముడే ఉంటే ఇంత ఓపిగ్గా వినేవాడు కాదు. కాపలాకని తెచ్చుకున్నది కాస్తా కడుపున పుట్టినంతైంది.

ఈ వారం దానికి జబ్బు చేసింది. మూతిలో నెత్తురు, ఒళ్ళు కాలిపోతోంది. పశువుల దవాఖానకు పోవాలంటే ఆటో ఎక్కాలి. ఆటో ఎక్కాలంటే ఎదుట చంద్రమ్మ చాయ్‌బండి ముందునుంచే పోవాలి. ఒళ్ళో కుక్క. ఇదేంది అంటే ఏం చెప్పాలి? తమ్ముడేడి అంటే? అక్కడే ఆగిపోయింది ఈరమ్మ.

పాలగిన్నె మూతి దగ్గరే ఉంచి బయటికొచ్చేసరికి చంద్రమ్మ పిలిచింది.

"ఎట్లున్నడే మీ తమ్ముడు?"

"అన్నం ముడ్తలేడక్కా."

"దవాఖానకు తీస్కపోరాదే? మా ఆయన ఆటో ఉన్నది గదా, జెప్పాల్నా?"

"వద్దక్కా, తగ్గుతది."

"గట్లనే అంటవు. కొత్త పెండ్లికూతురు లెక్క దాసిపెట్టినవ్ ఆన్ని. మా చెల్లె బిడ్డ కళ్యాణికి అడుగుతనే ఉన్న, ఒక్కపారన్న చూపెట్టకపోతివి."

ఈరమ్మ నవ్వబోయింది. రాలేదు.

ఆమె తుడిచేది ఒక అద్దాల మేడలో ఐదో అంతస్తు. ఫినాయిలుకు వేళ్ళ చర్మం ఒలిచినట్టయిపోయింది. కిటికీ దగ్గర నిలబడితే కింద నీలం రేకుల ప్లాటు అరచేయంత కనిపిస్తుంది. రోజూ ఆ కిటికీని కాస్త ఎక్కువసేపు తుడుస్తుంది. ఈరోజు తుడిచిందే తుడుస్తూ నిలబడిపోయింది. నోరులేని జీవి. అరవగలిగితే ఎప్పుడో ఊరంతా లేపేది. దానికి నొప్పి ఎక్కడుందో కూడా తనకు తెలియదు. పరువుకూ పనికీ భయపడి దాన్ని చంపుకుంటున్నానా అనిపించింది.

మాప్ కర్ర గోడకు ఆనించేసింది. పోతే కాపలా పోనీ, తెలిస్తే లోకమంతటికీ తెలవనీ, శేఖర్‌ను దవాఖానకు తీసుకుపోవాలనుకుంది. సూపర్‌వైజర్‌తో "మా తమ్మునికి సీరియస్ సార్" అని చెప్పి దిగివచ్చింది. చంద్రమ్మ బండి దగ్గర ఆగి, "అక్కా, అన్నను ఆటో తెమ్మను," అంటూనే గేటు వైపు పరుగెత్తింది.

శేఖర్ గదిలో లేదు. పాకుతూ వచ్చినట్టుంది, గేటు లోపలి వైపు, ఆమె రోజూ వచ్చే చోట మూతి పెట్టి పడుకుని ఉంది. ఈరమ్మ కూలబడి దాని వీపు మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. ప్రాణం కుదుటపడి, పొట్ట కిందికి చెయ్యి పోనిచ్చి ఎత్తబోయింది. నీడలో ఉన్న కిందివైపు చల్లగా ఉంది. ఆ వెచ్చదనం ఎండది.

చప్పుడు చేయకూడదని ఆమెకు తెలుసు. కొంగు నోట్లో కుక్కుకుంది. కాని గొంతు వినలేదు.

"ఓ నా తమ్ముడా... శేఖరా... అక్కను ఒంటిదాన్ని జేసి పోయినవా కొడుకా... ఇగ ఎవల్ని పిలువాలెరా నేను..."

రాగం తీసి ఏడ్చింది. పెంటయ్య కోసం ఏడవకుండా మింగినది కూడా అందులోనే కలిసిపోయింది. శోకం రేకుల గోడ దాటి, గుడిసెలు దాటి పోయింది. వారంగా శేఖర్‌కు జబ్బని అందరూ విన్నారు. ఇంకేం కావాలి? గుడిసెల్లోని మగవాళ్ళు పాడెకు వెదురు ఎక్కడ దొరుకుతుందా అనుకుంటూ గేటు ముందు చేరారు. మేస్త్రీ వచ్చాడు. చంద్రమ్మ పక్క దుకాణంలో శవం మీద కప్పడానికి కొత్త దోతి కొని, చంకలో పెట్టుకుని, గేటు తోసుకుని ముందుగా లోపలికి వచ్చింది.

వచ్చి నిలబడిపోయింది. ఈరమ్మ ఒడిలో కుక్క తల చూసింది. తలుపు తెరిచి ఉన్న రేకుల గది చూసింది. లోపల ఒకే చాప, ఒకే పళ్ళెం. మగవాడి చొక్కా ఒక్కటైనా ఏ మేకుకూ లేదు. ఈరమ్మ తలెత్తి ఆమెను చూసింది. అంతా అయిపోయిందనుకుంది. చెప్పడానికేమీ లేక చేతులు జోడించింది.

చంద్రమ్మ వెనక్కి తిరిగి గేటు సందులో అడ్డంగా నిలబడింది.

"ఎప్పుడు పోయిండంట?" అన్నాడు మేస్త్రీ మెడ సాచుతూ.

"ఎవడు పోయిండు? నోరు కడుక్కో. వాళ్ళు లోపల సాదుకున్న కుక్క సచ్చింది. శేఖర్‌కు జ్వరమిడిచి ఇప్పుడే కన్నంటింది. లొల్లి చేయకుండ్రి, పోండ్రి ఇగ."

"మరి శేఖరా అని ఏడ్సిందిగా?"

"దుఃఖమొస్తే తమ్మున్ని పిలువదా? ఆమెకు ఇంకెవరున్నరు?"

అందరూ గొణుక్కుంటూ కదిలారు. మేస్త్రీ అందరికంటే ఆలస్యంగా కదిలాడు. చంద్రమ్మ గొళ్ళెం పెట్టింది.

బండరాళ్ళ మధ్య మెత్తటి చోటు చూసి ఇద్దరూ వంతులవారీగా పార పట్టారు. ఈరమ్మ దోతి వైపు చెయ్యి చాస్తే చంద్రమ్మ వెనక్కి లాక్కుంది. "ఇది వద్దు. నీ పాత చీర తే." చీరలో చుట్టి దింపారు. చివరి పిడికెడు మన్ను వేశాక చంద్రమ్మ నడుం మీద చేయి పెట్టుకుని నిట్టూర్చింది.

"ఇన్నేండ్ల సంది నా చెల్లె బిడ్డకు కుక్కను అడిగిన్నానే నేను?"

ఈరమ్మకు నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే చంద్రమ్మ భుజం మీద పడి ఏడ్చింది, ఈసారి చప్పుడు లేకుండా. "ఊకో. అక్కను నేను లేనా," అంటూ వీపు నిమిరింది చంద్రమ్మ.

బండి మీద పాలు పొంగిపోతాయని చంద్రమ్మ లేచింది. పోతూ పోతూ దోతిని నీళ్ళ కుండీలో ముంచి పిండింది. గోడకంటే ఎత్తుగా, రోడ్డు మీదికి కనబడేలా గదికీ తుమ్మచెట్టుకూ మధ్య ఉన్న తీగ మీద ఆరేసింది. ఈరమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉండిపోయింది. దోతి నుంచి నీళ్ళు కారుతున్నాయి. అంచుకు అంటించిన దుకాణం చీటీ తడిసినా ఇంకా ఊడలేదు.