ఊరి గోలీలు

ఈ అరబ్బు దేశంలో శుక్రవారం లోకమంతటికీ సెలవు, సుమలతకు దుప్పటి. బాత్రూమ్‌లో పడేసి కాళ్ళతో తొక్కుతోంది, చేత్తో ముట్టుకోవడానికి ప్రాణం ఒప్పక. ఎంత సబ్బుపొడి పోసినా ఆ కంపు సబ్బు వాసనతో కలిసి ఇంకా రోతగా ముక్కులోకి ఎక్కుతోంది. మంచం మీద నుంచి మొగుడు నర్సింగ్, "ఎంతసేపు తొక్కుతవ్, చాయ్ పెట్టేదుందా లేదా" అన్నాడు. ఈ చేతులతోనే పెట్టాలి చాయ్. తాగేవాడికి ఆ సంగతి పట్టదు.

నర్సింగ్‌కు లివర్ చెడిపోయింది. దుక్మ్‌లో కంపెనీ క్యాంపులో ఉన్నన్నేళ్ళూ దొంగచాటు సీసాలు తాగి తాగి అది గట్టిపడిపోయింది. పొట్ట నీళ్ళతో ఉబ్బి, కాళ్ళు వాచి, డ్యూటీ పోయాక, అల్ అమెరాత్‌లో పెళ్ళాం ఉంటున్న ఒంటి రూమ్‌కు వచ్చి పడ్డాడు. తాగడానికి దోస్తులు, కడగడానికి పెళ్ళాం. ఒంట్లో విషం చేరకుండా డాక్టర్లు సిరప్ ఇచ్చారు. అది తాగితే విరేచనాలు. ఒక్కోసారి లేచేలోపే అయిపోతుంది. ఒక్కోసారి లేవగలిగీ లేవడు. అదిగో, అక్కడే మండుతుంది సుమలతకు.

ఆమె చంటిపిల్లల నర్సరీలో ఆయా. పగలంతా ఎవరి పిల్లలవో ముడ్లు కడిగి, ఇంటికొచ్చి కట్టుకున్నవాడిది కడుగుతుంది. అక్కడ జీతమిస్తారు, తల్లులు నవ్వి షుక్రన్, థాంక్స్ అంటారు. ఇక్కడ చారులో ఉప్పు ఎక్కువైందంటారు. ఒకరోజు కడుగుతూ కడుగుతూ ఆమెకే వాంతయింది. అప్పుడే ఐమోలో వీడియో కాల్ చేసిన అత్త యాదవ్వ అది చూసి, "మొగని కాడ ముక్కు మూసుకుంటవా? మీ మామకు పచ్చవాతమొస్తే ఎన్నేండ్లు ఎత్తిపోసిన్నో ఊరంత ఎరుకే. ఒక్కనాడన్న అసయ్యమన్ననా?" అంది. సుమలత మూతి కడుక్కుని, లేదత్తా అంది. ఇంకేమంటుంది?

నెల కింద నర్సింగ్‌కు జ్వరమొచ్చి, కడుపునొప్పితో మెలికలు తిరిగి, పొంతన లేకుండా మాట్లాడాడు. ఆసుపత్రిలో పొట్టలోంచి సూదితో నీళ్ళు తీసి చూశారు. ఆ నీళ్ళలో సూక్ష్మక్రిములు చేరాయట. ఒక మందు ఎక్కించారు, లొంగలేదు. ఇంకోటి ఎక్కించారు, లొంగలేదు. చివరికి ఒకే ఒక్క ఇంజెక్షన్‌కు లొంగాయి. డాక్టరమ్మ హిందీలో విడమరిచి చెప్పింది. ఏళ్ళ తరబడి యాంటీబయాటిక్ గోలీలు అడ్డదిడ్డంగా మింగితే క్రిములు రాటుదేలతాయి, ఇలాంటి లివర్ ఉన్నవాళ్ళకు అది ప్రాణం మీదికొస్తుంది, ఇంకోసారి వచ్చి ఈ ఇంజెక్షన్‌కూ లొంగకపోతే తన దగ్గర వేరే మందు లేదు. చెప్పినంతసేపూ నర్సింగ్ వైపు ఒక్కసారీ చూడలేదు. "మేం చెప్పని గోలీ ఒక్కటి కూడా వేసుకోనివ్వద్దు, నువ్వే చూసుకోవాలి" అని సుమలతకే అప్పగించింది. తలనెరిసిన మగాడి నోటికి కూడా ఈమే కాపలా!

ఆ గోలీలు క్యాంపుల్లో అందరికీ అలవాటే. సెలవు మీద ఊరికి పోయినవాడి సూట్‌కేసులో మామిడికాయ తొక్కు, సకినాలు, వాటి మధ్య ఊరి ఆరెంపీ డాక్టరు ఇచ్చిన గోలీల అట్టలు. జ్వరమొస్తే రెండు మింగడం, తగ్గితే ఆపేయడం, మిగిలినవి పక్క మంచం వాడికివ్వడం. డ్యూటీ ఎగ్గొట్టి ఆసుపత్రిలో కూర్చునే వీలు ఎవరికుంది? సుమలత కూడా మింగింది, కాదనదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నర్సింగ్ దోస్తు ఓంకార్ ఊరి నుంచి పార్సెల్ తెచ్చాడు. యాదవ్వ పంపిన తొక్కు డబ్బా పక్కనే మూడు గోలీల అట్టలు. సుమలత వాటిని ఎత్తి ఓంకార్‌కు చూపించింది.

"గివి వద్దన్నది అన్నా డాక్టరమ్మ. పానం పోతదట."

"డాక్టర్లు గట్లనే బెదిరిస్తరు వదినె. మన ఆరెంపీ హస్తవాసి నీకు తెల్వదా?"

"కన్నతల్లి పంపితె పారేస్తవా?" అన్నాడు నర్సింగ్. ఆమె ఆ అట్టలను అతని మురికి తుడిచిన గుడ్డపేలికల మధ్య, చెత్తడబ్బాలోకి తోసింది. అక్కడైతే ఎవరూ చెయ్యి పెట్టరనుకుంది.

పెట్టాడు. ఆమె నర్సరీకి పోగానే లేచి, ఆ పేలికలు కెలికి మరీ తీసుకున్నాడు. కొద్ది రోజులకే మళ్ళీ జ్వరమొచ్చి, ఓంకార్ టాక్సీ తెచ్చి, ఇద్దరూ కలిసి లేవదీస్తే, దిండు కింద సగం ఖాళీ అయిన అట్టలు కనిపించాయి. మరక కూడా తుడవలేదు. సుమలత వాటిని సంచిలో వేసుకుంది. చెత్తడబ్బా దాకా మాత్రం లేవగలిగాడు.

వార్డులో డాక్టరమ్మ అడిగింది, ఏం మింగావని. నర్సింగ్ కళ్ళు మూసుకునే, "ఈమెనే ఇచ్చింది మేడం" అన్నాడు. ఓంకార్ గోడవైపు చూశాడు. సుమలత చేతిలోని ఫోన్‌లో యాదవ్వ అన్నీ వింటూనే ఉంది. "నేనే ఇచ్చిన అని ఒప్పుకో పోరీ. ఆడదానివి, నిన్నేమంటరు? వాని ఇజ్జత్ పోతది" అంది గుసగుసగా.

సుమలత సంచిలోంచి అట్టలు తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. "ఇవీ మేడం. నేను చెత్తల పడేస్తె, ఏరుకుని మింగిండు."

డాక్టరమ్మ పేర్లు చదివి మొహం చిట్లించింది. మళ్ళీ పొట్ట నీళ్ళు తీసి చూడాలి, ఏ మందు పనిచేస్తుందో ఇప్పుడే చెప్పలేను, ఎవరో ఒకరు పక్కన ఉండాలి అని వెళ్ళిపోయింది. ఇంతలోనే నర్సింగ్‌కు మంచం మీదే విరేచనమైపోయింది. ఓంకార్ ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని తలుపు దాకా జరిగాడు. ఎవరూ అతన్ని తప్పుపట్టలేదు. నర్సింగ్ మాత్రం, "సుమా, సూడు" అన్నాడు, ఎప్పటిలాగే.

ఆమె బేసిన్, గుడ్డలు తెచ్చి ఓంకార్ చేతిలో పెట్టింది.

"ఇయ్యాల నీ డ్యూటీ అన్నా. రేపు పొద్దుగాల నేనొస్త."

"నేనా? నాకేడొస్తది వదినె గీ పని?"

"నాకు మాత్రం పుట్టంగనే వచ్చిందా?"

సంచి భుజానికి తగిలించుకుని వరండాలోకి వచ్చింది. ఫోన్‌లో యాదవ్వ, "ఏడికే, మొగన్ని ఇడిసిపెట్టి?" అంటోంది.

"రూముకు అత్తా. నాకు అసయ్యమైతుంది."

అన్నాక తిట్ల కోసం ఎదురుచూసింది. యాదవ్వ గొంతు వినిపించింది, ఎవరైనా వింటారేమో అన్నంత మెల్లగా.

"మీ మామ పోయిన కాణ్ణుంచి నేను చేత్తోని బువ్వ కలుపుకోలే బిడ్డా. చెంచాతోనే తింటున్న. ఎందుకని ఇంతవరకు ఒక్కలన్న అడిగిండ్రా?"