ఓర్విల్ తుపాకీ మడమ

మా పెన్సిల్వేనియా కొండల్లో జింకను గురితప్పినవాడి చొక్కా వెనక కొస కోసి, పేరూ సంవత్సరమూ రాసి, వేటగుడిసె గోడకు మేకు కొడతారు. నావి మూడున్నాయి. మూడూ కోసింది నా వేట జతగాడు ఓర్విలే. కోస్తున్నంతసేపూ వెక్కిరింతలే. తన చొక్కా మాత్రం తాను పోయేదాకా చెక్కుచెదరలేదు, మహానుభావుడు!

కిందటేడు ఆ గోడకెక్కింది వాడి కొడుకు డ్వైట్ చొక్కా. అదీ తండ్రి తుపాకీతోనే తప్పి. మొన్న ఆ తుపాకీ పట్టుకుని నా కొట్టానికి వచ్చాడు.

"కర్ర బాగా అరిగిపోయింది, బాబాయ్. మెరిసేలా చేసిపెట్టు. అమ్మేస్తాను."

"ఒక్కసారి తప్పినందుకు అమ్ముకుంటావుట్రా?"

"నాన్న ఒక్కసారైనా తప్పాడా? ఇది పట్టుకున్నప్పుడల్లా ఆయన నా వెనకే నిలబడి నవ్వుతున్నట్టుంటుంది. ఇంక నా వల్ల కాదు."

నాకు ఒళ్లు మండింది. వాడి మీద కాదు, చచ్చిన ఓర్విల్ మీద.

ఇద్దరం పనిలోకి దిగాం. పాత వార్నిష్ గీకేశాం. తడిగుడ్డ పరిచి వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే, చుయ్‌మని ఆవిరి లేచి నొక్కులన్నీ పైకి ఉబికాయి. ఇక ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలి. ముందు, భుజానికి ఆనించే మడమకున్న ఇనుప పట్టీ మరలు విప్పాను. పట్టీ వెనక, కర్ర బరువు తగ్గించడానికి తొలిచిన గుంటలో, చుట్టచుట్టిన గళ్ల గుడ్డముక్క ఉంది.

డ్వైట్ విప్పాడు. ఓర్విల్ చేతిరాతే.

"1968. పెద్ద మగజింక. ఇరవై అంగల దూరం. ఎవరూ చూడలేదు."

"ఎవరూ చూడకపోతే ఎందుకు కోసుకున్నాడు, బాబాయ్?"

"తప్పాడు కనక" అన్నాను.

"ఓరి దొంగ సచ్చినోడా! నా మూడు చొక్కాలు!" అని పొట్ట పట్టుకుని నవ్వాను. డ్వైట్ కూడా నవ్వి, నవ్వి, చివరికి కళ్లు తుడుచుకున్నాడు. అంత గర్వమూ అంత నిజాయితీ కలిపి ఎలా మోశాడో పాపం.

"నూనె బాగా పట్టించు, బాబాయ్. సోమవారం వేటకి నాకే కావాలి" అన్నాడు డ్వైట్.

అవిసె నూనె రోజుకో పూత చొప్పున ఐదు పూతలు పట్టించాను. ఆదివారం గుడిసెకు వెళ్లి, డ్వైట్ ముక్క పక్కనే వాళ్ల నాన్న ముక్క ఆనించాం. మేకు నేను పట్టుకున్నాను, సుత్తి వాడు అందుకున్నాడు. మొదటి దెబ్బ నా బొటనవేలి మీద పడింది.

"అచ్చం మీ నాన్న గురేరా!" అని కెవ్వుమన్నాను.

ఆ మాటకి వాడి మొహం వెలిగిపోయింది.