బండవేషం పేజీకి తాళం

“అది తాళం కాదు, గోడ,” అంది రేవతి. “తాళమైతే ఎవురో ఒకరి దగ్గర చెవి ఉండాల గదా.”

“పద్దెనిమిదేళ్లు నిండినోళ్లందరి దగ్గరా ఉండాది చెవి,” అన్నాడు చక్రధర్.

ఆదివారం టిఫిన్ దగ్గర మొదలైన మాట సోమవారం కాఫీలు దాటి, మంగళవారం సాయంత్రానికి ఊరగాయ దగ్గరికి వచ్చింది. నలుగురూ చాప మీద కూర్చుని కోసిన మామిడి ముక్కల్లో జీడి తీసి పొడిగుడ్డతో తుడుస్తున్నారు. రేవతి, భర్త చక్రధర్, డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న కూతురు మహిత, అత్తగారు మునిరత్నమ్మ. మునిరత్నమ్మ కాస్త పక్కకు తిరిగి కూర్చుంది. అలిగినప్పుడు ఆమె పని మానదు, ముఖం మాత్రం గోడ వైపు పెడుతుంది.

గొడవంతా రేవతి వెబ్‌సైటు గురించి. ఒకసారి జాతర అయిపోయాక ఊరికే మొదలుపెట్టింది, అత్తగారు చెప్పే పాటలూ కథలూ ఫోన్లో పట్టడం. తిరుపతి గంగమ్మ జాతరలో ఏ రోజు ఏ వేషం వేస్తారు, ఎందుకు వేస్తారు అన్నీ మునిరత్నమ్మకు తెలుసు. మహిత వాటిని వెబ్‌సైటుగా చేసింది. వీధిలో వాళ్లు పెట్టెల అడుగు నుంచి పాత ఫోటోలు తెచ్చి ఇచ్చారు. మద్రాసులోనూ బెంగుళూరులోనూ ఉంటున్న తిరుపతి వాళ్లు విని మెసేజులు పెట్టేవారు. పెళ్లయ్యాక ఇది నాది అని చెప్పుకోగలిగిన పని రేవతికి ఇదొక్కటే. ఆ మాట పైకి అనలేదు గాని, పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి ఎంతమంది విన్నారో చూసుకునేది.

చిక్కు బండవేషం పేజీతో వచ్చింది. ఆ రోజు ఒళ్లంతా కుంకుమ పూసుకుని, పూలదండలు చుట్టుకుని వేషం కడతారు. వేషంలో ఉన్నవాళ్లు దారిన పోయే ఎవరినైనా బూతులు తిట్టొచ్చు. తిట్లు తిన్నవాళ్లు దణ్ణం పెట్టుకుని పోతారు. తిట్టింది అమ్మవారని లెక్క. ఆ బూతులన్నీ మునిరత్నమ్మ కథలు చెప్పిన గొంతుతోనే, ఒక్కటీ మింగకుండా చెప్పింది. రేవతి అలాగే పెట్టింది.

చక్రధర్ ఒక ప్రైవేటు బడి ఆఫీసులో పనిచేస్తాడు. పోయిన వారం అక్కడ ఆరో తరగతి పిల్లవాడొకడు హోంవర్కు అడిగిన లెక్కల టీచర్ని అందులోని తిట్టొకటి తిట్టాడు. యాడ నేర్చినావురా అంటే, చక్రధర్ సార్ వాళ్లింటి వెబ్‌సైటులో అన్నాడు. హెడ్మాస్టరు చక్రధర్‌ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఇంటికి వచ్చిన చక్రధర్ చెప్పులు కూడా విప్పకుండా కూతురి వెనక నిలబడి మొత్తం వెబ్‌సైటు ముందు వయసు అడిగే పేజీ పెట్టించాడు. పుట్టిన సంవత్సరం చెప్పాలి. పద్దెనిమిది నిండకపోతే లోపలికి పోనివ్వదు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక తన పాట తాను వింటూ కునుకు తీయడం మునిరత్నమ్మకు అలవాటు. మర్నాడు ఫోన్ ఆమెను పుట్టిన సంవత్సరం అడిగింది. ఆమెకు తన సంవత్సరం తెలియదు. స్వర్ణముఖికి పెద్ద వరద వచ్చిన ఏడు పుట్టావని వాళ్లమ్మ చెప్పింది, అంతే. తెర మీద ఉన్న అంకెను అలాగే ఉంచి నొక్కింది. అది ఈ ఏడాది అంకె. ‘ఈ పేజీ మీ వయసువారికి కాదు, పెద్దలను అడగండి’ అని వచ్చింది.

“మహితా, పెద్దోళ్లని అడగమంటా ఉండాది,” అని ఆమె వరండాలోంచి పిలిచింది. “నాకంటే పెద్దోళ్లు ఈ వీధిలో యాడుండారో సూపించు, పోయి అడిగొస్తా.”

అదే సాయంత్రం పక్కింటి అమల వచ్చి ఇంకో సంగతి చెప్పింది. నాలుగో తరగతి చదివే వాళ్లబ్బాయి తనకు తొంభై ఏళ్లని చెప్పి చక్కగా లోపలికి పోయాడట.

“చంటిబిడ్డని నేనంట, ముసిలోడు వాడంట,” అంది మునిరత్నమ్మ. “నా గొంతు తీసెయ్యండి దాంట్లోంచి. మాతంగి పాట ఇంక సెప్పను.”

ఆ మాటే రేవతికి గుచ్చుకుంది. ఇంకా పట్టని మాతంగి వేషం నాటి పాట మొదటి నుంచి చివరి దాకా వచ్చినవాళ్లు వీధిలో ఇంకెవరూ లేరు. వచ్చే నెలే జాతర. పోయిన చలికాలం మునిరత్నమ్మకు ఆయాసం వచ్చింది. అప్పటినుంచి పాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది. వచ్చే ఏడు పాడించుకోవచ్చులే అని రేవతి అనుకోలేకపోయింది.

“నా ఉద్యోగం సంగతి సూడరా ఎవురూ,” అన్నాడు చక్రధర్, తుడిచిన ముక్క పళ్లెంలో వేస్తూ. “ఆ పిలగోడు నా పేరు సెప్పినాడు.”

“సూస్తాను, ఉండండి,” అంది రేవతి. అత్తగారి వైపు జరిగింది. “అత్తా, ఈయన బండవేషం ఎప్పుడు కట్టినారు?”

మునిరత్నమ్మ గోడతోనే చెప్పింది. “ఏడేళ్లప్పుడు. జొరం తగ్గితే కట్టిస్తానని మొక్కుకున్నా.”

“తిట్టినారా?”

“తిట్టకుండానా? అంగడి శెట్టిని పట్టుకోని, ఆయన్నీ ఆయన తాతనీ కలిపి తిట్టినాడు. ఆయన దణ్ణం పెట్టి బెల్లంగడ్డ సేతిలో పెట్టినాడు.”

మహిత చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. “నాయనా, నువ్వా?”

“చిన్నప్పుడు లే,” అన్నాడు చక్రధర్.

“మర్నాడు?” అని అడిగింది రేవతి.

“మర్నాడు మొకం కడుక్కోని బడికి పోతా, అన్నం సల్లగుండాదని నన్ను అదే మాట అన్నాడు.” మునిరత్నమ్మ ఇప్పుడు ఇటు తిరిగింది. “పొరక తిరగేసినా. శెట్టి బెల్లం ఇచ్చిన మాటకి నేను వీపు పగలగొట్టినా.”

“వయసు ఒకటే గదా, అవ్వా,” అంది మహిత. “ముందునాడూ ఏడేళ్లే, మర్నాడూ ఏడేళ్లే.”

“వయసెవురు అడిగినారే? వేషం ఉండాదా లేదా అనే అడిగేది. అమ్మ జాతర వారం దాటినాక ఆ మాట మీ తాత అన్నా ఒప్పుకునేదాన్ని కాదు.”

రేవతి చేతిలో గుడ్డ ఆగింది. ఊరు ఏడాదికి ఒక్కసారి నోటి మీదికి రానిచ్చే మాటల్ని తను ఏడాది పొడుగునా గుమ్మంలో కుప్ప పోసింది. ఆ పిల్లవాడికి కుంకుమ లేదు, వేపాకు లేదు, జాతర లేదు. మాట ఒక్కటే దొరికింది. తొంభై ఏళ్లవాడికి అలా దొరికినా అంతే.

“మహితా, ఒక పేజీని తారీకును బట్టి తెరిచి, మూసేదానికి అయితాదా?”

“అయితాదిమా. వయసు అడిగే దానికంటే అదే తేలిక. వయసుకి అబద్ధం చెప్తారు, తారీకుకి చెప్పలేరు.”

“జాతరంటే ఏందో తెలీని ఊళ్ల పిలకాయలు కూడా వింటారు,” అన్నాడు చక్రధర్. “వాళ్లకేం తెలుస్తాది వేషమూ గీషమూ?”

ఆ మాటలో న్యాయం ఉంది. ముక్కలన్నీ తుడవడం అయ్యేదాకా రేవతి ఆలోచించింది. కారం, ఆవపిండి, ఉప్పు కలిపి నూనె పోసింది. జాడీకి గుడ్డ కట్టి, చేతులు కడుక్కుని సంగటి కెలికింది.

అందరి పళ్లేల్లో ముద్దలు పెట్టి, పులుసు పోసి, తనూ కూర్చున్నాక చెప్పింది. గొంతు పెంచలేదు.

“ముందర వయసు అడిగేది తీసేస్తా ఉండాము. పాటలు, కథలు, ఫోటోలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, చంటిబిడ్డలకైనా. బండవేషం పేజీ మాత్రం జాతర చాటింపు నాడు తెరుచుకుంటాది, ఆఖరునాడు అమ్మ విశ్వరూపం అయినాక మూసుకుంటాది. ఎవురికైనా అంతే, నాకైనా. ఆ వారంలో కూడా ముందర అత్త కూర్చోని ఈ తిట్లు ఎందుకు పుట్టినాయో చెప్తాది. అది మొత్తం విన్నాకే తక్కింది వినిపిస్తాది. చిన్నపిల్లోళ్లు పెద్దోళ్ల పక్కన కూర్చోని వినాలని కూడా రాస్తాము.” చక్రధర్ వైపు చూసింది. “రేపు మీ వెంట బడికి నేనే వస్తా. హెడ్మాస్టరుకి మీరు చెప్పాల్సిన పని లేదు, వెబ్‌సైటు నాది. ఆ టీచరమ్మకి కూడా నేనే తప్పయిందని చెప్పుకుంటా.”

చక్రధర్ పులుసులో ముద్ద అద్దుకున్నాడు. “తొమ్మిదికల్లా బయలుదేరాల,” అన్నాడు.

“అత్తా, మాతంగి పాట ఎల్లుండి పొద్దున పట్టుకుందాం, ఎండెక్కక ముందే,” అంది రేవతి. “మధ్యలో ఎన్నిసార్లు ఆగినా పర్వాలేదు. ఊపిరికి ఆగింది కూడా ఉంచుతా.”