పటంలోని ఇంటికి బొట్టు

చెప్పుల్లేని కాళ్లతో వరహాలు మంచులో నడుస్తోంది, చలి మాత్రం వేయడం లేదు, పక్కనే చక్రాల్లేని గుర్రబ్బండి ఒకటి పరిగెడుతూనే ఉన్నా అంగుళం ముందుకు రావడం లేదు, ఆ బండినీ కర్రల కంచెనూ కట్టెలు కొట్టే మనిషినీ ఎర్రరంగు పశువులశాలనూ చూశాక ఆమెకు తెలుస్తుంది, తమ నట్టింట్లో వేలాడే పటంలోకే వచ్చిపడ్డానని. మామగారు ఎప్పుడో భీమిలిలో ఓ దొర బంగళా వేలంలో కొన్న పటం అది. మంచు కనబడేసరికి అత్త సూరీడమ్మ దాన్ని కైలాసమనుకుంది, దేవుళ్ల వరసలో పెట్టించి అందులోని తెల్ల ఇంటి గుమ్మానికి రోజూ అద్దం మీద బొట్టు పెట్టేది. శివుడికి గుర్రబ్బండెందుకని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

కంచె దాటితే ఆ ఇల్లు ఉండాలి, కాని దాటిన ప్రతిసారీ ఇంకో కంచె అడ్డొస్తోంది, అడగవలసిన మాట అడగకముందే తెల్లవారిపోతుందేమోనని వరహాలు ఇంకా జోరుగా అడుగులేస్తోంది. చివరకు గుమ్మం ముందు అత్త కనిపిస్తుంది. పోయి ఏడాది కావస్తున్నా నోటిదురుసు తగ్గలేదు.

"ఏటే, ఇప్పుడా రావడం? పొయ్యి మీద పాలెట్టీసి వొచ్చినావేటి?"

"అత్తా, ఆ రోజు కోపంలో అనీసినాను. ఇది కైలాసం కాదు, నూటేబై ఏళ్ల కిందటి అమెరికా పల్లెటూరి అచ్చుబొమ్మని పటాలు కట్టేవోడు సెప్పినాడు. ఎవుడో దొర పల్లెటూరి ఇంటికి బొట్టెడతన్నావని నలుగుర్లో నవ్వినాను. మర్నాటి నుంచీ నువ్వు బొట్టు మానీసినావు, నెల తిరక్కుండా పోనావు. నా మాటకే నీ నమ్మకం పోనాదా?"

అత్త వెనక ఇల్లు పెరుగుతోంది, గుమ్మం నెమ్మదిగా పైపైకి పోతోంది.

"కైలాసంలో గొడ్డలట్టుకుని కట్టెలు కొట్టేదెవుడే? ఎప్పుడో తెలిసింది నాకు. తెలిస్తే మాత్రం? పొగ వొస్తంది సూడు, ఆ ఇంట్లోనూ ఓ ఆడది వొండుతోంది. సల్లగా ఉండాలని ఎట్టినాను."

"మరెందుకు మానీసినావు?"

"మానీసినానని ఎవులు సెప్పినారు?" అత్త కుంకుమ వేలు పైకెత్తుతుంది, మునివేళ్ల మీద లేస్తుంది, అయినా గుమ్మం అందదు. "సెయ్యి లేవలేదే. నువ్వు పొడుగు మనిసివి, నువ్వెడతావని సూసినాను."

"నేనెడతానత్తా, నేనెడతాను" అంటూ వరహాలు పరుగెడుతుంది, మధ్యలో మళ్లీ కంచె వస్తుంది.

మెలకువ వచ్చేసరికి ఒళ్లంతా చెమట. తెల్లవారింది, వీధిలో పాలవాడి సైకిల్ గంట వినిపిస్తోంది. ఆమె లేచి పటం ముందు నిలబడింది. అద్దం మీద పాత బొట్టు ఎండి నల్లబడింది. దాని కిందుగా, చట్రం దాటి, సున్నం గోడ మీద కూడా ఎర్రటి వేలిగుర్తులున్నాయి, ఒకదాని కింద ఒకటి, రోజుకింత దిగుతూ ఆమె గుండెల ఎత్తుకు వచ్చి ఆగిపోయాయి. ఇన్నాళ్లూ వాటిని పిల్లల చేతిమరకలనుకుంది. సున్నం వేసే మనిషిని ఇవాళే రమ్మని నిన్న చెప్పింది కూడా.