కంప్యూటర్లో వచ్చే డాక్టరమ్మ

ఇనుపరాయి ధర పొద్దున్నే చూసుకోవడానికి రంగనాథ కొన్న కంప్యూటర్ ఇప్పుడు బాలింతైన కూతురి గదిలో ఉంది. ప్రతి బుధవారం మధ్యాహ్నం బెంగుళూరు నుంచి అనుష డాక్టరు అందులోకి వస్తుంది. మూడో నెల నిండేదాకా బాలింత గడప దాటకూడదని రంగనాథ భార్య పద్మావతమ్మ పట్టు. వాళ్లుండే గాంధీనగర్ వీధుల మీద ఖనిజం లారీల ఎర్రదుమ్ము చూస్తే ఆవిడ మాట కొట్టిపారేయడానికీ లేదు. అందుకని వైద్యమే ఇంటికి రావలసి వచ్చింది.

ఇంటికొచ్చిన మనిషిని ఊరికే పంపడం పద్మావతమ్మకు చేతకాదు. మొదటి వారమే స్టీలు లోటాలో కాఫీ తెచ్చి, నెత్తిన బొట్టుబిళ్లంత కెమెరా పెట్టుకున్న ఆ పెట్టె ముందు పెట్టింది. తెరలోంచి గాజుల చెయ్యి ఒకటి బయటికి వచ్చి లోటా అందుకుంది.

"స్వల్ప సక్కరె జాస్తి ఆయితమ్మా" అంది డాక్టరు కన్నడంలో.

పద్మావతమ్మ నొచ్చుకుని మరుసటి వారం చక్కెర తగ్గించింది. ఆ తర్వాత ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, ఓళిగలు అన్నీ ఆ దారినే వెళ్లాయి. డాక్టరు గిన్నెలు కడిగి మరీ తిరిగి ఇచ్చేది. చదువుకున్నదైనా పద్ధతి తెలిసిన పిల్లని పద్మావతమ్మ ఇరుగుపొరుగుకు చెప్పుకుంది.

జబ్బు ఆవిడ కూతురు చంద్రికది. కాన్పయినప్పటి నుంచీ నిద్ర లేదు. బిడ్డను ఎత్తుకోదు, పాలివ్వదు, గోడవైపు తిరిగి పడుకుంటుంది. దిష్టి తీశారు, కురుగోడు నుంచి తాయెత్తు తెచ్చి కట్టారు. ఇది జబ్బేననీ, తల్లి తప్పేమీ లేదనీ చెప్పి డాక్టరు మాత్రలు రాసింది. నిద్ర కాస్త పట్టింది. కానీ తన దగ్గరుంటే ఆ బిడ్డ బతకదన్న మాట మాత్రం చంద్రిక మనసులోంచి కదల్లేదు.

ఆ బుధవారం చంద్రిక తనంతట తానే లేచి బిడ్డను ఎత్తుకుంది. పద్మావతమ్మ సంబరపడేలోగా తెర ముందుకు వెళ్లి నిలబడింది.

"మేడం, దీన్ని మీరు తీసుకోండి. నా చేతుల్లో ఉంటే చచ్చిపోతాది. మీ దగ్గరైతే బతుకుతాది."

"ఏందే చంద్రీ ఆ మాటలు!" అంది పద్మావతమ్మ.

డాక్టరు వద్దనలేదు. రెండు చేతులూ చాపింది. బిడ్డ తల, భుజాలు, చివరికి పొత్తిగుడ్డ కొస కూడా తెరలోకి వెళ్లిపోయాయి.

"నేను పట్టుకునే ఉంటాను. నువ్వు కూర్చుని చూడు. యావాగ, ఎప్పుడు కావాలన్నా అడుగు."

చంద్రిక కూర్చుంది. అంత దూరాన పెట్టాకనే బిడ్డ ముఖాన్ని మొదటిసారి తేరిపార చూసింది. ముక్కు అచ్చం మొగుడు జగదీశ్‌దే. కనుబొమల మధ్య చిన్న ముడత, ఏదో లెక్క తేలనట్టు. బెంగుళూరు కిటికీ అవతల వాన పడుతోంది. బిడ్డ ఏడుపు అందుకుంది. డాక్టరు ఊపింది, జోకొట్టింది, అటూ ఇటూ తిప్పింది. ఏడుపు ఆగలేదు. ఎండిపోయాయనుకున్న పాలు చంద్రిక రవిక తడిపేశాయి.

"అట్ల కాదు మేడం. ఎడం భుజమ్మీద ఏసుకోవల్ల. ఈపు రాస్తే ఊరుకుంటాది. అమ్మ రోజూ అట్లే చేస్తాది."

గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల ఇదంతా ఎప్పుడు చూసిందో పద్మావతమ్మకు అంతుపట్టలేదు.

"నాకు చేతకావడం లేదు చంద్రికా" అంది డాక్టరు.

ఇంతవరకూ అటు చేతులే ఇటు వచ్చాయి. ఇప్పుడు చంద్రిక మోచేతులు రెండూ తెరలోకి మునిగాయి. పద్మావతమ్మ తెలియకుండానే దండం పెట్టింది. చేతులు వెనక్కి వచ్చేటప్పటికి వాటిలో బిడ్డ ఉంది. పొత్తిగుడ్డ వాన గాలికి చల్లబడి ఉంది. చంద్రిక బిడ్డను ఎడమ భుజాన వేసుకుని గదిలో పచార్లు మొదలుపెట్టింది. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి, వీపు రాసే చెయ్యి ఆగలేదు.

"మాత్రలు మాత్రం ఆపకూడదు, వచ్చే బుధవారం..." అని డాక్టరు మొదలుపెట్టింది.

"మెల్లగా మేడం" అంది చంద్రిక. "నిద్రపోతాండాది."